పొట్లం కాదు, మందుల చీటీ పంపండి

మూడు వారాల క్రితం ఒక సోమవారం, ఓ.పి. ముగిసే వేళకు నలభై ఏళ్ళ రైతు ఒకాయన నా గదిలోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డాడు. రాజోలు దగ్గర పల్లె ఆయనది. జబ్బు ఆయనకు కాదు, కువైట్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరిన భార్యకు.

"నెలన్నర బట్టీ మా ఆవిడకి నిద్దర పట్టటం లేదంటండి. అన్నం సయించటం లేదంట. పిల్లల్ని ఫోనులో చూపించినా ఊరికే ఏడుస్తోందండి. ఆరేళ్ళ కిందట రెండో కాన్పు అయ్యాక ఇలాగే ఉంటే మీ ఆస్పత్రిలోనే మాత్రలిచ్చారు, నయమైంది. ఇదిగోనండి పాత చీటీ. ఎల్లుండి మా ఊరాయన కువైట్ వెళ్తున్నాడు. ఆరు నెలలకి సరిపడా రాసిచ్చారంటే ఆయన చేతికిచ్చి పంపించేస్తానండి" అన్నాడు.

నేను మాత్రలు రాయలేదు. ఆయన మొహం చిన్నబోయింది. ఎందుకు రాయలేదో, రాయకుండా ఏం చేశామో చెప్పటానికే ఈ వ్యాసం. కోనసీమ, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల నుంచి కువైట్, మస్కట్, దుబాయ్, ఖతర్ వెళ్ళిన ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. భీమవరంలో, రాజమండ్రిలో, కాకినాడలో పిల్లల్ని అమెరికాకో ఇంగ్లండుకో చదువుకు పంపిన ఇళ్ళూ తక్కువేమీ కాదు. ఇటువంటి కబురు రేపు మీ ఇంటి ఫోనుకూ రావచ్చు.

బెంగ వేరు, జబ్బు వేరు

ఊరు విడిచి వెళ్ళినవారికి బెంగ సహజం. సంక్రాంతి నాడు ఇంటి ముందు ముగ్గు ఫోనులో చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నా, రెండు మూడు రోజుల్లో తేరుకుని పనిలో పడతారు. అది జబ్బు కాదు. అయితే దిగులు దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం, రెండు వారాలకు మించి ఉన్నప్పుడు దాన్ని డిప్రెషన్ అనే జబ్బుగా అనుమానించాలి. ఇదివరకు ఇష్టపడిన వాటి మీద ఆసక్తి పోతుంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టదు. ఆకలి తగ్గుతుంది, కొందరిలో పెరుగుతుంది. చిన్న పనికే అలసట వస్తుంది. తాను దేనికీ పనికిరాననీ, అందరికీ భారమయ్యాననీ అనిపిస్తుంది. చనిపోతే బాగుండునన్న ఆలోచన కూడా రావచ్చు.

మనవాళ్ళలో చాలామంది దిగులుగా ఉందని చెప్పరు. తలనొప్పి, గుండెదడ, ఒళ్ళంతా నొప్పులు, కడుపులో మంట, నీరసం అని చెబుతారు. దూరాన ఉన్నవారి విషయంలో ఫోనే మీకు నాడి. రోజూ అరగంట మాట్లాడే మనిషి రెండు మాటలతో పెట్టేస్తున్నదా? మొహం చూపించమంటే తప్పించుకుంటున్నదా? పిల్లల చదువు సంగతి అడగటం మానేసిందా? "నెలనెలా డబ్బు పంపుతూనే ఉంది కదా, బాగానే ఉండి ఉంటుంది" అనుకోకండి. జబ్బుతోనే పని చేస్తూ, జబ్బుతోనే డబ్బు పంపేవాళ్ళను నేను చూశాను.

ఇంకొక మాట. థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకపోయినా, రక్తహీనత ఉన్నా ఈ లక్షణాల్లో కొన్ని కనిపిస్తాయి. మనిషిని చూడకుండా, రక్తపరీక్ష చేయించకుండా మందు రాయటం అందుకే తగదు.

ఈ మందులు ఏం చేస్తాయి?

దిగులు జబ్బుకు మందు కనుక్కోవాలని మొదట ఎవరూ బయలుదేరలేదు. 1952లో న్యూయార్కులోని సీ వ్యూ ఆస్పత్రిలో క్షయరోగులకు ఇప్రోనియాజిడ్ అనే మందు ఇస్తుంటే, మంచం పట్టినవారు హుషారుగా తిరగసాగారు. డాక్టర్ల దృష్టి అటు మళ్ళింది. 1957లో స్విట్జర్లాండ్ వైద్యుడు రోలండ్ కూన్ ఇమిప్రమిన్ గుణాన్ని వెల్లడించాడు. 1987లో అమెరికాలో ఫ్లూఆక్సెటిన్‌కు అనుమతి లభించింది. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్నవి ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్.

ఇవి నిద్రమాత్రలు కావు, మత్తుమందులు కావు, పిచ్చిమందులూ కావు. ఈ రాత్రి వేసుకుంటే రేపటికి గుణం కనిపించదు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తి ఫలితానికి ఇంకా ఎక్కువ కూడా పట్టవచ్చు. మొదటి వారంలో వికారం, తలనొప్పి, విరేచనాలు, కాస్త ఆదుర్దా కలగవచ్చు. చాలామంది సరిగ్గా ఈ వారంలోనే భయపడి మానేస్తారు. పాతికేళ్ళ లోపు వారిలో కొందరికి మొదటి వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు పెరిగే ప్రమాదం కూడా ఉంది. కనుక మందు మొదలుపెట్టిన డాక్టరు రోగికి అందుబాటులో ఉండాలి. నేను రాజోలు మనిషికి ఇచ్చిన మాత్రకు కువైట్‌లో ఆమెను కనిపెట్టుకుని ఉండే డాక్టరు ఎవరు?

నయమైన తరువాత కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగించాలి. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మోతాదు తగ్గించుకుంటూ రావాలి. ఒక్కసారిగా ఆపితే తల తిరగటం, ఒంట్లో కరెంటు పాకినట్టు జలదరింపు, చిరాకు వస్తాయి. పంపిన పొట్లం అయిపోయి, రెండో పొట్లం అందకపోతే జరిగేది ఇదే. జబ్బు తేలికగా ఉన్నప్పుడు మందు లేకుండా, శిక్షణ పొందిన వారితో క్రమం తప్పకుండా మాట్లాడే చికిత్సతోనే నయం కావచ్చు. తీవ్రంగా ఉంటే రెండూ కావాలి.

పొట్లం తెచ్చే ప్రమాదం

పన్నెండేళ్ళ క్రితం ఒక తల్లి బతిమాలితే నేనే రాసిచ్చాను. దిగులు మాత్రలతో పాటు నిద్రకు ఆల్ప్రజోలామ్ కూడా రాశాను. పొట్లం పట్టుకెళ్ళినవాడు వాళ్ళ పక్కవీధి కుర్రాడు. గల్ఫ్‌లో ఒక విమానాశ్రయంలో అతన్ని ఆపారు. చీటీ మీద పేరు ఒకరిది, పెట్టె మరొకరిది. రెండు రోజులు అతని కబురు ఇంటికి తెలియలేదు. చివరకు వదిలేశారు గాని, ఆ రెండు రోజులూ అతని తల్లి నా గది ముందు బల్ల మీద కూర్చుంది. తప్పు నాది. అప్పటి నుంచి ఎవరి చేతికీ ఇచ్చి పంపే మాత్రలు రాయటం మానేశాను.

ఆల్ప్రజోలామ్, క్లోనజిపామ్, డయజిపామ్ వంటి నిద్రమాత్రలు, నొప్పులకు వాడే ట్రమడాల్ గల్ఫ్ దేశాల్లో గట్టి నియంత్రణ ఉన్న మందులు. మనం కూరలో వేసుకునే గసగసాలే దుబాయ్‌లోనూ సౌదీలోనూ నిషిద్ధమంటే అక్కడి చట్టం ఎంత కఠినమో ఊహించుకోండి. పైగా ట్రమడాల్, దిగులు మాత్రలు కలిపి వాడితే ప్రాణం మీదికి రావచ్చు.

తన మందు తానే వెంట తీసుకెళ్ళేవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. మాత్రలను విడదీసి డబ్బాలో పోయకుండా అసలు అట్టలోనే ఉంచాలి. చీటీ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. డాక్టరు చేత జబ్బు, మందు అసలు పేరు, మోతాదు ఇంగ్లీషులో ఉత్తరం రాయించుకోవాలి. కంపెనీ పేర్లు దేశానికొకటి ఉంటాయి, సెర్ట్రాలిన్ అన్న అసలు పేరు మాత్రం ఎక్కడైనా అదే. ఎమిరేట్స్‌కు వెళ్ళేవారు నియంత్రణ ఉన్న మందులకు అక్కడి ప్రభుత్వం నుంచి ముందుగానే అనుమతి తీసుకోవాలి. మిగతా దేశాల నియమాలు ఆయా రాయబార కార్యాలయాలను అడిగి తెలుసుకోవాలి.

అక్కడే వైద్యం ఉంది

ఇంటి పనివారి కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. వారానికి ఒక రోజు సెలవు, జబ్బు చేస్తే వైద్యం చేయించే బాధ్యత యజమానిదని అందులో ఉంది. కాగితం మీది హక్కు వంటింట్లోకి రావటం కష్టమేనని నాకూ తెలుసు. అందుకని యజమానురాలితో జబ్బు పేరు చెప్పనక్కరలేదు. "నిద్ర లేదు, తల తిరుగుతోంది, తిండి పోవటం లేదు, డాక్టరుకు చూపించండి" అంటే చాలు. అదంతా నిజమే. డాక్టరు ముందు మాత్రం మొత్తం చెప్పాలి. దిగులు మందును మామూలు డాక్టరు కూడా మొదలుపెట్టవచ్చు.

అసలు కారణం జీతం ఇవ్వకపోవటమో, కొట్టటమో, పస్తులుంచటమో అయితే మాత్రతో తీరదు. అప్పుడు భారత రాయబార కార్యాలయానికి చెప్పాలి. ఇక్కడి కుటుంబం విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన 'మదద్' ద్వారా ఫిర్యాదు చేయవచ్చు. ఆపదలో ఉన్నవారిని ఆదుకోవటానికి 2009 నుంచి ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి ఉంది.

చదువుకు వెళ్ళిన పిల్లల సంగతి వేరు. ఇంగ్లండులో వీసాతో పాటే ఆరోగ్య రుసుము కట్టి ఉంటారు. చేరిన వారంలోనే ఇంటి దగ్గరి జనరల్ ప్రాక్టీషనరు వద్ద పేరు నమోదు చేయించుకోవాలి. అమెరికాలో విశ్వవిద్యాలయాల్లో ఆరోగ్య కేంద్రం, కౌన్సెలింగు సాధారణంగా ఉంటాయి. చనిపోవాలన్న ఆలోచన వస్తే అక్కడ ఏ వేళనైనా 988కి ఫోను చేయవచ్చు. ఈ నంబరు 2022 జులై నుంచి పనిచేస్తోంది. చదువు భారం మోయలేని స్థితి వస్తే, వైద్యుని ధ్రువపత్రంతో, కళాశాల అధికారి ముందస్తు అనుమతితో, ఒక కోర్సులో మొత్తం 12 నెలల వరకు సబ్జెక్టులు తగ్గించుకునే వీలు అమెరికా విద్యార్థి వీసాలో ఉంది. అడగకుండా తరగతులు మానేస్తేనే వీసాకు చిక్కు.

"మన డాక్టరే వీడియోలో చూసి మందు రాయవచ్చు కదా?" అని అడుగుతారు. మన దేశంలో 2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్ నియమాలు దేశం వెలుపలి వైద్యానికి వర్తించవు. మన చీటీ చూసి అక్కడి మందుల షాపువాడు మందు ఇస్తాడని నమ్మకం లేదు. పాత చికిత్స వివరాలు అక్కడి డాక్టరుకు రాసి పంపటం మాత్రం మన డాక్టరు చేయగలిగిన పని. చేయవలసిన పని కూడా.

ఇంట్లో వారు చేయవలసింది

"కొంచెం ఓర్చుకో, అప్పు తీరనీ" అన్న మాట అనకండి. ఆ మనిషి ఇప్పటికే ఓర్చుకునే ఫోను చేసింది. "నిన్ను చూసి ఈర్ష్యపడేవాళ్ళున్నారు, నీకేం దిగులు?" అనీ అనకండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచన బయటపడుతుంది. అవునంటే ఆ రోజే డాక్టరు వద్దకు చేరేటట్టు చూడాలి, అంతవరకు ఒంటరిగా వదలకూడదు. దగ్గరలో ఉన్న మన ఊరివాళ్ళెవరికైనా చెప్పండి. ఎలా మాట్లాడాలో మీకే తోచకపోతే 14416కి ఫోను చేయండి. టెలీమానస్ అనే ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు నుంచి ఉంది. రాత్రీ పగలూ, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. అవసరమైతే ఉద్యోగం వదిలి వచ్చేయమనండి. అప్పు తీర్చటానికి గడువు అడగవచ్చు.

రాజోలు ఆయన్ను చివరకు కూర్చోబెట్టాను. పాత చీటీ చూసి సెర్ట్రాలిన్ ఎంత మోతాదు, ఎన్ని నెలలు వాడిందీ, ఎలా నయమైందీ ఇంగ్లీషులో ఒక పేజీ రాసి, సంతకం చేసి, ముద్ర వేశాను. ఆయన ఫోనుతో ఫొటో తీసి అక్కడికక్కడే పంపాడు. ఎల్లుండి వెళ్ళే మనిషితో పనే లేకపోయింది. తరువాత ఆమెతో మాట్లాడాను. చనిపోవాలనిపిస్తోందా అమ్మా అంటే, కాసేపు ఊరుకుని, "వస్తన్నాయండి అలాంటి ఆలోచనలు. పిల్లలు గుర్తొచ్చి ఆగుతున్నాను" అంది. పక్కన నిలబడ్డ భర్తకు ఆ మాట తెలియటం అదే మొదలు. పక్కవీధిలో పనిచేసే వాళ్ళ ఊరి అమ్మాయికి వెంటనే ఫోను చేయించాం. ఆ సాయంత్రమే యజమానురాలు ఆమెను క్లినిక్కుకు తీసుకెళ్ళింది. నా ఉత్తరం చూసి అక్కడి డాక్టరు మందు మొదలుపెట్టాడట.

మూడు వారాలే అయింది కనుక పూర్తిగా నయమైందని చెప్పను. నిద్ర కొంచెం పడుతోందట. మొన్న ఫోనులో పెద్దవాడి పరీక్షలు ఎప్పుడని అడిగిందట. ఆయన నాతో చెప్పుకున్నది ఆ ఒక్క సంగతే.