కోడి రెక్కలు, వేడి గాలి: అపోహలు – వాస్తవాలు

కోడి రెక్క కరకరలాడాలంటే ముందు దాని చర్మంలోని నీరు పోవాలి. ఎయిర్ ఫ్రయర్‌లో చికెన్ వింగ్స్ చేయడం గురించి తెలుసుకోవలసినవన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి. చర్మం తడిగా ఉన్నంతసేపు దాని వేడి 100 డిగ్రీలు దాటదు, యంత్రం మీద 200 అని కనిపిస్తున్నా సరే. మాంసానికి బంగారు రంగు, వేపుడు వాసన తెచ్చే రసాయన చర్య సుమారు 140 డిగ్రీల దగ్గరగానీ ఊపందుకోదు. 1912లో దాన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మయ్యార్ పేరు మీద దాన్ని మయ్యార్ చర్య అంటున్నాం. కాబట్టి ముందు ఆరాలి, ఆ తర్వాతే వేగాలి. ఇంటా బయటా వినిపించే సలహాల్లో చాలావాటికి ఈ వరస పట్టదు. వింగ్స్ మెత్తగా, సాగుతూ వచ్చాయని యంత్రాన్ని అటక ఎక్కించేసిన వాళ్లున్నారు. వాళ్ల కోసమే ఈ వివరాలు.

అపోహ: ఎయిర్ ఫ్రయర్ అంటే నూనె లేకుండా వేయించే యంత్రం.

అది వేయించదు, కాలుస్తుంది. పైన వేడెక్కే కాయిల్, దాని మీద జోరుగా తిరిగే ఫ్యాన్, కింద చిల్లుల బుట్ట. అంతే. ఫ్యాన్ ఉన్న ఓవెన్ 1940ల నాటిదే. అమెరికాలో విమాన ప్రయాణికుల భోజనం వేడి చేయడానికి వాడేవారు. అదే సూత్రాన్ని చిన్న పెట్టెలో ఇమిడ్చి ఫిలిప్స్ సంస్థ 2010లో బెర్లిన్ ప్రదర్శనలో ఎయిర్ ఫ్రయర్‌గా చూపించింది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, మరిగే నూనె ముక్కను అన్ని వైపులా అంటుకుని ఒక్కసారిగా వేడిని ఎక్కిస్తుంది. గాలికి ఆ శక్తి లేదు. అది వేగంగా, అడ్డు లేకుండా తిరిగితేనే పని జరుగుతుంది. కిలో రెక్కలు ఒకేసారి బుట్టలో కుక్కితే, గాలి ఆడని గదిలో ఆరేసిన తడి బట్టల్లాగే ఉంటాయవి. వాటి ఆవిరికి అవే ఉడికిపోతాయి. నాలుగైదు లీటర్ల బుట్టలో అరకిలో, ఒకే వరసలో, ముక్కకూ ముక్కకూ మధ్య సందు ఉండేలా పేర్చాలి. ఇంటిల్లిపాదికీ కావాలంటే రెండు వాయిలు చేయాలి. మొదటి వాయి చల్లారిపోతే చివర్లో అన్నీ కలిపి మూడు నిమిషాలు వేడి చేసుకోవచ్చు.

అపోహ: చర్మం కొవ్వు కదా, తీసేసినా రెక్కలు క్రిస్పీగానే వస్తాయి.

మన చికెన్ షాపు బోర్డు మీద లైవ్, విత్ స్కిన్, స్కిన్‌లెస్ అని మూడు రేట్లు ఉంటాయి. ఎక్కువ ఇళ్లకు వెళ్లేది స్కిన్‌లెస్, కర్రీ కట్. కూరకూ పులుసుకూ అది సరైనదే. వింగ్స్ దగ్గర మాత్రం అదే చిక్కు. రెక్కలో మాంసం తక్కువ, చర్మం ఎక్కువ. ఆ చర్మం కింద కొవ్వు, చర్మం నిండా కొల్లాజెన్ ఉంటాయి. వేడి తగిలినకొద్దీ కొవ్వు కరిగి చర్మాన్ని లోపలి నుంచే వేయిస్తుంది. కొల్లాజెన్ ముందు మెత్తని జిగురుగా మారి, తడి పోయాక పలచని పెళుసు పొరగా గట్టిపడుతుంది. కరకర అంతా ఆ పొరదే. చర్మం తీసేశాక మిగిలేది ఎముక చుట్టూ ఎండిపోయే కాస్త మాంసం.

అందుకని షాపులో ముందే చెప్పాలి: రెక్కలు విడిగా, చర్మంతో, చిన్న ఈకలు లేకుండా శుభ్రం చేసి, కీలు దగ్గర రెండు ముక్కలుగా కొట్టి ఇమ్మని. చివరి కొసలు మాడిపోతాయి కాబట్టి వాటిని సూపుకు దాచుకోవచ్చు. చర్మంతో దొరకనే లేదంటే బియ్యప్పిండి, కార్న్‌ఫ్లోర్, గుడ్డు తెల్లసొన పట్టించి, రెండు చెంచాల నూనె పూసి కాల్చండి. రుచిగానే ఉంటాయి. కాకపోతే అది వేరే వంటకం.

అపోహ: పకోడీ పిండిలా జారుగా కలిపి ముంచితే ఇంకా కరకరలాడతాయి.

జారు పిండి గట్టిపడాలంటే మరిగే నూనెలో పడాలి. చికెన్ 65 పైపొర అలా వచ్చేదే. ఎయిర్ ఫ్రయర్‌లో ఆ పిండి గట్టిపడేలోపే చిల్లుల్లోంచి కారిపోతుంది, మిగిలింది పచ్చిపిండి వాసన వేస్తుంది. అసలు ఈ వంటకానికి పిండితో పనే లేదు. 1964లో అమెరికాలోని బఫెలో నగరంలో, యాంకర్ బార్‌లో టెరెసా బెలిస్సిమో చేశారని చెప్పే బఫెలో వింగ్స్‌కు ఏ పిండీ లేదు. చర్మంతో ఉన్న రెక్కలు వేయించి, వెన్న కలిపిన మిరప సాస్‌లో దొర్లించడమే.

అపోహ: ఉప్పూ పసుపూ వేసి నాలుగు నీళ్లు కడిగితేనే చికెన్ శుభ్రం.

ఇది మన ఇళ్లలో బలంగా పాతుకుపోయిన అలవాటు. షాపులో అప్పటికప్పుడు కోసిన కోడికి రక్తం, ఈకల ముక్కలు అంటుకుని ఉంటాయి కాబట్టి కడగాలనిపించడంలో తప్పేమీ లేదు. అయితే పచ్చి కోడి మీద ఉండే సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ లాంటి సూక్ష్మజీవులు నీళ్లతో పోవు, చిటికెడు పసుపుతోనూ పోవు. అవి చచ్చేది వేడికే. కుళాయి ధార కింద కడిగినప్పుడు తుంపరలతో పాటు గట్టు మీదికీ, పక్కనున్న కొత్తిమీర మీదికీ, గిన్నెల మీదికీ చేరతాయి. అమెరికా వ్యవసాయ శాఖ, బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ పచ్చి చికెన్‌ను కడగవద్దనే చెబుతున్నాయి.

కడగక తప్పదనిపిస్తే ధార కింద కాకుండా గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడగండి. తర్వాత సింక్‌నూ చేతులనూ సబ్బుతో కడుక్కోండి. అసలు పని అప్పుడే మొదలవుతుంది. టిష్యూ కాగితంతో ఒక్కో రెక్కనూ, మడతలతో సహా, ఒత్తి తుడవాలి. ఉప్పు పట్టించి వెడల్పాటి పళ్లెంలో పరిచి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో అన్నిటికన్నా కింది అరలో రాత్రంతా ఉంచాలి. తెల్లారేసరికి చర్మం తోలు కాగితంలా బిగుసుకుని కనిపిస్తుంది. వింగ్స్ బాగా రావడానికి ఇంతకు మించిన చిట్కా లేదని నా నమ్మకం. ఖరీదైన యంత్రం కొనేబదులు ఈ ఒక్క రాత్రి ఓపిక పట్టడం మేలు.

అపోహ: బేకింగ్ పౌడరూ వంట సోడా ఒకటే, ఏది వేసినా పర్వాలేదు.

వంట సోడా పూర్తిగా క్షారం; కాస్త ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు దాన్ని అదుపు చేసే ఆమ్లపు లవణాలు, పిండి ఉంటాయి. దీని స్వల్ప క్షారగుణం చర్మంలోని ప్రొటీన్లను సడలించి మయ్యార్ చర్యను వేగిరపరుస్తుంది; దాని నుంచి పుట్టే వాయువు చర్మం మీద సన్నని బుడగలు లేపుతుంది. అరకిలోకు సమంగా ఒక చిన్న చెంచా చాలు. ఉప్పుతో కలిపి ముందు రాత్రే పట్టించాలి. అల్యూమినియం లేనిది దొరికితే చేదు తగలదు.

అపోహ: పెరుగూ మసాలా పట్టించి రాత్రంతా నానబెడితే ఎముక దాకా రుచి ఎక్కుతుంది.

లోపలిదాకా వెళ్లేది ముఖ్యంగా ఉప్పు. అల్లం వెల్లుల్లి, గరం మసాలా, ధనియాల పొడి ఎంతసేపు ఉంచినా పైపైనే ఉంటాయి. పెరుగు మాంసాన్ని మెత్తబరుస్తుంది, నిజమే. కానీ రాత్రంతా ఆరబెట్టిన చర్మాన్ని మళ్లీ తడిపేస్తుంది. తందూరీ రుచి కావాలంటే పెరుగు వాడండి, కరకరను వదులుకోండి. రెండూ ఒకే ముక్కలో రావు.

అపోహ: కారం ముందే దట్టిస్తే ఘాటు పెరుగుతుంది, ఎర్రగా ఉంటే చాలా కారం.

200 డిగ్రీల వేడి గాలి ఇరవై నిమిషాలు కొడుతుంటే పైన ఉన్న కారప్పొడి నల్లబడి చేదెక్కుతుంది. వెల్లుల్లి ముద్ద ఇంకా ముందే మాడుతుంది. తేనె, టమాటా సాస్ సంగతి చెప్పనక్కరలేదు. మొదట ఉప్పు, మిరియాలు, కాస్త పసుపు మాత్రం వేసి, కారాన్ని చివరికి దాచాలి.

ఎరుపుకీ ఘాటుకీ సంబంధం లేదు. బ్యాడిగి మిరప కూరకు మంచి రంగిస్తుంది, మంట తక్కువ. మన వరంగల్ చపాటా కూడా అంతే, టమాటాలా లావుగా ఎర్రగా ఉండి కారం స్వల్పం. గుంటూరు సన్నం మాత్రం నిజంగానే మండిస్తుంది. రంగుకు ఒకటి, మంటకు ఒకటి కలుపుకుంటే ఎవరి నాలుకకు తగ్గట్టు వారు చేసుకోవచ్చు. మంటకు కారణం కాప్సైసిన్. అది గింజల్లో కాకుండా గింజలను పట్టుకున్న తెల్లని పొరలో పుడుతుంది. దాన్ని కొలిచే పద్ధతిని విల్బర్ స్కోవిల్ చెప్పిందీ 1912లోనే.

కాప్సైసిన్ కొవ్వులో బాగా కరుగుతుంది, నీళ్లలో దాదాపు కరగదు. అందుకే సాస్‌కు కొవ్వే పునాది. రెండు పెద్ద చెంచాల వెన్న గానీ పల్లీ నూనె గానీ సన్న సెగ మీద పెట్టి, దంచిన వెల్లుల్లి, రెండు రెమ్మల కరివేపాకు వేయాలి. పచ్చివాసన పోయాక పొయ్యి ఆపి, ఆ వేడి మీదే కారప్పొడి కలపాలి. నిమ్మరసం పిండి, బుట్టలోంచి తీసిన రెక్కలను అందులో దొర్లించి వెంటనే వడ్డించాలి. ఆలస్యమైతే సాస్ తడికి పొర మెత్తబడుతుంది. నోరు మండితే మంచినీళ్ల కన్నా పెరుగు మేలు.

అపోహ: ఎముక దగ్గర ఎర్రగా ఉంటే ఉడకనట్టు.

బ్రాయిలర్ కోళ్లు ఆరేడు వారాల వయసువి. వాటి ఎముకలు ఇంకా గట్టిపడవు, మూలుగలోని రంగు మాంసంలోకి ఊరుతుంది. ఎంత ఉడికినా ఆ ఎరుపు ఉండవచ్చు. తెల్లగా కనిపించినంత మాత్రాన ఉడికినట్టూ కాదు. థర్మామీటరు గుచ్చితే లోపల 74 డిగ్రీలు దాటాలి. రెక్కలకు 85 నుంచి 90 ఇంకా మంచిది. కీళ్ల దగ్గరి కొల్లాజెన్ కరిగి మాంసం ఎముకను వదిలేస్తుంది. నా లెక్క: 180 డిగ్రీల దగ్గర 12 నిమిషాలు, తిరగేసి 200 దగ్గర మరో 8 నుంచి 10 నిమిషాలు. యంత్రాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది.

అపోహ: ఎయిర్ ఫ్రయర్‌లో చేశాం కాబట్టి ఎన్నైనా తినొచ్చు.

అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల్లో, చర్మంతో ఓవెన్‌లో కాల్చిన 100 గ్రాముల కోడి రెక్కలో సుమారు 290 కేలరీలు, 19 గ్రాములకు పైగా కొవ్వు ఉంటాయి. పిండి అద్ది నూనెలో వేయిస్తే అవి 321 కేలరీలు, 22 గ్రాములు. చర్మం లేకుండా కాల్చితే 203 కేలరీలు, 8 గ్రాములు. నూనె మానేసినందువల్ల తగ్గింది ఎంతో, చర్మంలోనే ఉన్నది ఎంతో ఈ అంకెలే చెబుతున్నాయి. బంగాళాదుంపల్లాంటి వాటికి ఈ యంత్రం పెద్ద మేలే చేస్తుంది, ఎందుకంటే వాటిలో నూనె మనం పోసిందే. కోడి రెక్క తన కొవ్వు తనే తెచ్చుకుంటుంది. షుగరు, గుండె జబ్బు ఉన్నవారు ఈ లెక్క గుర్తుంచుకుని పళ్లెంలో వేసుకోవాలి.

ఇక రేడియేషన్ భయం. ఎయిర్ ఫ్రయర్‌లో మైక్రోవేవ్ తరంగాలే లేవు. ఇస్త్రీ పెట్టెలో వేడెక్కే తీగ లాంటిదే ఇందులోనూ ఉంది. బుట్టకు పూసిన నాన్‌స్టిక్ పొర విషం కక్కుతుందన్న మాట: అది విరగడం మొదలయ్యేది సుమారు 260 డిగ్రీల దగ్గర, ఇంటి యంత్రాలు సాధారణంగా 200 దగ్గర ఆగిపోతాయి. ఇనుప పీచుతో రుద్ది ఆ పొర లేపేయకుండా చూసుకుంటే చాలు. కరెంటు బిల్లు విషయానికొస్తే 1,500 వాట్ల యంత్రం 25 నిమిషాలు ఆగకుండా తిరిగినా 0.6 యూనిట్ చిల్లరే. కాకపోతే అది ఆరున్నర ఆంపియర్ల కరెంటు లాగుతుంది కాబట్టి 6 ఆంపియర్ల చిన్న ప్లగ్‌లో పెట్టకూడదు. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్ ఉండాలి.

అపోహ: పొగ వస్తోందంటే యంత్రం పాడైనట్టే.

వింగ్స్ చేస్తున్నప్పుడు పొగ వస్తే చాలావరకు అది కోడి కొవ్వే. చర్మం నుంచి కారి వేడి అడుగు మీద పడి మాడుతుంది. బుట్ట కింది ట్రేలో రెండు మూడు చెంచాల నీళ్లు పోస్తే ఆగుతుంది. వాయికీ వాయికీ మధ్య ఆ కొవ్వు ఒంపేయాలి. మిగిలిన రెక్కలను రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు 180 డిగ్రీల దగ్గర ఐదారు నిమిషాలు వేడి చేస్తే పొర మళ్లీ పెళుసెక్కుతుంది. సాస్ కలపని రెక్కలే అందుకు పనికొస్తాయి కాబట్టి, మర్నాటికి ఉంచదలచినవి ముందే పక్కకు తీసి పెట్టుకోండి.