గేరుపెట్టె మార్చునపుడు కన్వర్టరును కుదురుగా కూర్చుండబెట్టుట

మన నెల్లూరు తీరమున, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు ప్రాంతములలో, రొయ్యల గుంటలు త్రవ్వుటకును, మురుగుకాలువల పూడిక తీయుటకును, జేసీబీ యని జనులు పిలుచు చక్రముల త్రవ్వుయంత్రమే నేడు ఆధారము. మనకు వానలలో హెచ్చుభాగము అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఈశాన్య ఋతుపవనమువలన కురియును. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వఱదను చూచినవారికి, ఆ దినములలో యంత్రము మూలబడియుండిన నెంత నష్టమో వేఱుగ చెప్ప నక్కఱలేదు. గేరుపెట్టెను విప్పి మఱల బిగించునపుడు జరుగు ఒక్క పొరపాటు, క్రొత్తగా వేసిన పెట్టెను సైతము మొదటి దినముననే చెఱచును. దానిని గూర్చి యీ మాసము వ్రాయుచున్నాము.

మనము దున్నకమునకు వాడు ట్రాక్టరులలో సాధారణముగా ఇంజనునకును గేరుపెట్టెకును నడుమ క్లచ్చి పళ్లె ముండును. ఈ త్రవ్వుయంత్రములలోను, ఆటోమేటిక్ గేరుగల పెక్కు కారులలోను దానికి బదులు టార్కు కన్వర్టరు ఉండును. ఇది రెండు మూకుళ్లను మూతికి మూతి చేర్చి అతికినట్లుండు ఇనుప పాత్ర. దీని నిండ నూనె యుండును. లోపల ఇంజనుతోకూడ తిరుగు ఱెక్కలు నూనెను విసరును. ఆ నూనె ఎదుటి ఱెక్కలను త్రిప్పును. వానికి చేరిన షాఫ్టు గేరుపెట్టెను నడపును. ఎదురెదురుగ నుంచిన రెండు పంకాలలో ఒకటి తిరుగగా వచ్చు గాలికి రెండవది తిరుగుట వంటిదే యిది. నడుమ నున్న మూడవ ఱెక్కల చక్రము నూనెను సరియైన దిక్కునకు మరలించి, బరువు నెత్తునపుడు బలమును హెచ్చించును. జర్మనీ దేశపు ఇంజనీరు హెర్మన్ ఫోట్టింగరు 1905లో ఓడల కొఱకు దీనికి పేటెంటు పొందెను.

ఈ కన్వర్టరు గేరుపెట్టె ముందుభాగమున మూడుచోట్ల కుదురుకొనవలెను. మొదటిది, గేరుపెట్టెలోనికి పోవు షాఫ్టు పండ్లు. రెండవది, నడిమి చక్రమును నిలుపు గొట్టముపై నుండు పండ్లు. మూడవది, నూనెపంపు పండ్లు. కన్వర్టరు మెడకు గల గాడులు ఈ పంపు పండ్లలో పడినపుడే పంపు తిరుగును. పంపు తిరిగిననే పెట్టెలో నూనెకు ఒత్తిడి కలుగును. మొదటి రెండుచోట్ల కుదిరి, మూడవచోట కుదరకపోవుటయే తఱచుగా జరుగు పొరపాటు. పైకి చూచువారికి అది కుదిరినట్లే కనబడును. కాని కొలువగా అర అంగుళమో, అంతకు కొంచెము హెచ్చు తక్కువో ముందుకు పొడుచుకొని యుండును.

బండి చక్రమును ఇరుసున కెక్కించు విధము మన కందఱకు తెలిసినదే. చక్రము తుదివఱకు ఎక్కనియెడల కడచీలకు చోటుండదు. తెలిసిన బండివాడు చీలను సుత్తితో కొట్టడు; చక్రమును మఱల త్రిప్పి లోనికి నెట్టును. ఇచ్చటను న్యాయ మదియే.

మే మెఱిగిన యొక యంత్రమున గేరుపెట్టెకును ఇంజనునకును నడుమ వ్రేలు పట్టునంత సందు మిగిలినది. పనివారు తొందరలో బోల్టులు బిగించి, ఆ బిగువుతోనే రెంటిని దగ్గఱకు లాగిరి. ఇంజను నడపగానే కీచుమని ధ్వని పుట్టెను. యంత్రము మాత్రము కదలలేదు. విప్పి చూడగా పంపు పండ్లు విఱిగి, ఇనుప రజను నూనెలో కలిసియుండెను. గంట సేపు మిగిలెనని తలచిన పనికి పదునెనిమిది దినములు పట్టినది. గుంట యజమాని పిల్లలను వదలవలసిన అదను తప్పిపోయినది.

కావున సభ్యులు పని చేయించునపుడు దగ్గఱ నిలిచి ఈ క్రమమును చూచుకొనవలెను.

1. తొట్టిని నేలకు దించి, చక్రములకు దిమ్మలు వేసి, బ్యాటరీ తీగను తప్పింపవలెను. గేరుపెట్టె బరువును జాకీ యొక్కదానిపై విడువరాదు.

2. యంత్రపు పుస్తకమున చెప్పిన నూనెనే కన్వర్టరులో కొంత పోసి, మెడకును సీలునకును అదే నూనె పూయవలెను.

3. కన్వర్టరును తిన్నగా పట్టి, మెల్లగా త్రిప్పుచు లోనికి నెట్టవలెను. అది మెట్టుమెట్టుగా లోనికి దిగుచుండగా చేతికి తెలియును. ఒక్క దిగుటతో తృప్తిపడరాదు.

4. పెట్టె అంచున ఇనుపబద్ద నుంచి, అచ్చటినుండి కన్వర్టరు ముఖము వఱకు లోతు కొలిచి పుస్తకముతో సరిచూడవలెను. పెట్టెను ఎత్తునపుడు కన్వర్టరు ముందుకు జారకుండ పట్టీ కట్టవలెను.

5. గేరుపెట్టె ఇంజనునకు చేతి బలముతోనే అంటుకొనవలెను. అంటనియెడల బోల్టు జోలికి పోక, వెనుకకు తీసి కారణమును వెదకవలెను.

6. అంటిన పిదప, కన్వర్టరు చేతితో త్రిప్పగా సులువుగా తిరుగవలెను. దానికిని ముందరి పళ్లెమునకును నడుమ కొంచెము సందు మిగులవలెను. అనేక యంత్రములలో నిది 3 మొదలు 5 మిల్లీమీటర్లు. పిమ్మటనే దానిని ముందుకు జరిపి పళ్లెమునకు బిగింపవలెను.

కొన్ని యంత్రములలో కన్వర్టరును ముందుగానే ఇంజను వైపున బిగించు పద్ధతి కలదు. అట్టిచోట ఆ యంత్రపు పుస్తకమే ప్రమాణము. పాతపెట్టె చెడినప్పుడు నూనె చల్లార్చు గొట్టములను కడుగక క్రొత్తపెట్టె వేయుటయు తగదు. వానిలో నిలిచిన ఇనుప రజను క్రొత్తదానిని చెఱచును. ట్రాక్టరును రెండుగా విప్పి క్లచ్చి పళ్లెము మార్చునపుడును ఇదే నియమము: పళ్లెమును నడిమికి సరిచేయక, బోల్టులతో లాగరాదు.

బోల్టు పని కుదిరినదానిని నిలుపుటయే. కుదరనిదానిని లాగుట దాని పని కాదు. ఈ యొక్కమాటను సభ్యులు తమ డ్రైవరులకును మేస్త్రీలకును తెలుపుదురుగాక. వానలకు ముందే, తీరికగా నున్న దినములలోనే, యంత్రములను బాగు చేయించుకొనవలసినదిగా కోరుచున్నాము.