ఇటర్‌కు నేల వెతికిన కథ

2001 జూన్‌లో కెనడా తన ప్రతిపాదనను ముందుంచింది. 2005 జూన్ 28న మాస్కోలో తుది నిర్ణయం వెలువడింది. ఇటర్ అనే ప్రయోగాత్మక కేంద్రక సంలీన రియాక్టర్‌కు చోటు ఖాయం కావడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్ల గురించి చెప్పుకునేటప్పుడు దేశాల పంతాలే ముందుకొస్తాయి. పంతాలు లేవని కాదు. కానీ వాటి వెనుక భూగర్భ శాస్త్రజ్ఞులు, విద్యుత్ ఇంజనీర్లు, నీటి లెక్కలు, రవాణా లెక్కలు కట్టేవాళ్లు ఓపికగా చేసిన పని ఉంది. నేలను పరీక్షించే ఆ పని రియాక్టర్ రూపకల్పనకు ఏమాత్రం తీసిపోని విజ్ఞానమని నా నమ్మకం.

ముందు యంత్రం సంగతి క్లుప్తంగా. హైడ్రోజన్ రూపాలైన డ్యుటీరియం, ట్రిటియంలను సుమారు 15 కోట్ల డిగ్రీల దాకా వేడెక్కించి ప్లాస్మాగా మార్చి, అయస్కాంత క్షేత్రంలో నిలిపి, వాటి కేంద్రకాలు ఒకటయ్యేలా చేయడం ఇటర్ పని. 50 మెగావాట్ల వేడిని ప్లాస్మాలోకి పంపి 500 మెగావాట్లు రాబట్టాలన్నది లక్ష్యం. ఇది ప్రయోగశాల. ఇక్కడ కరెంటు తయారు కాదు. కాబట్టి పుట్టిన వేడినంతా ఎక్కడో ఒకచోట వదిలించుకోక తప్పదు.

ఇలాంటి యంత్రానికి నేల నుంచి ఏం కావాలో రూపకర్తలు ముందే రెండు భాగాలుగా రాసిపెట్టారు. మొదటి భాగంలో తప్పనిసరి నిబంధనలున్నాయి. శాశ్వతంగా 40 హెక్టార్లు, నిర్మాణ కాలంలో మరో 30 హెక్టార్లు కావాలి. 450 మెగావాట్ల వేడిని వదిలించుకునే వసతి ఉండాలి. భవనాల కింద నేల చదరపు మీటరుకు 25 టన్నుల బరువు మోయాలి, అసలు యంత్రముండే భవనం కింద 65 టన్నులు మోయగలిగేలా చేయాలి. రెండో భాగంలో ఉన్నవి అంచనాలు. భూకంప తీవ్రత, వాతావరణం, రవాణా మార్గాలు ఫలానా విధంగా ఉంటాయనుకుని నమూనా గీశామనీ, స్థలం అందుకు భిన్నంగా ఉంటే నమూనా మార్చుకోవాలనీ, ఆ మేరకు ఖర్చు పెరుగుతుందనీ వాటి భావం. మొదటి భాగం స్థలాన్ని పనికొస్తుందా రాదా అని అడుగుతుంది. రెండోది పనికి రావడానికి ఎంతవుతుందని అడుగుతుంది. స్థల పరిశీలనలో కష్టమంతా ఈ రెండో ప్రశ్నతోనే.

బరిలో నాలుగు స్థలాలు నిలిచాయి. కెనడాలో ఒంటారియో సరస్సు ఒడ్డున క్లారింగ్టన్, జపాన్ ఉత్తరాన అవోమోరి ప్రాంతంలో రొక్కాషో, స్పెయిన్‌లో మధ్యధరా తీరాన వాండెయోస్, దక్షిణ ఫ్రాన్స్‌లో కదరాష్. క్లారింగ్టన్‌కు దొరికిన వరం ట్రిటియం. భారజలంతో నడిచే కెనడా రియాక్టర్లలో అది ఉపఉత్పత్తిగా పుడుతుంది, ఇంధనం కోసం సముద్రాలు దాటాల్సిన పని ఉండదు. రొక్కాషోకు దగ్గర్లోనే రేవు ఉంది, చల్లబరచడానికి సముద్రముంది. వాండెయోస్‌కూ సముద్రం పక్కనే.

కదరాష్‌కు ఈ అదృష్టాలేవీ లేవు. సముద్రానికి దూరంగా, దురాన్స్ నది పక్కన, సముద్రమట్టానికి 300 మీటర్ల పైన ఉన్న కొండనేల అది. దాని బలం వేరు. ఫ్రెంచ్ అణుశక్తి సంస్థ అక్కడ 1959 నుంచే పరిశోధన కేంద్రం నడుపుతోంది. 1988లో మొదలైన టోర్ సుప్రా అనే సంలీన యంత్రం అప్పట్లో అక్కడే ఉండేది. అతివాహక అయస్కాంతాలతో ప్లాస్మాను ఆరున్నర నిమిషాల పాటు నిలిపిన అనుభవం ఆ బృందానికి 2003 నాటికే ఉంది. 400 కిలోవోల్టుల విద్యుత్ లైను కూడా ఆ ప్రాంతానికి అప్పటికే వచ్చింది.

విద్యుత్ విషయం చిన్నది కాదు. ఇటర్‌కు నిత్యం 110 మెగావాట్ల దాకా కావాలి. ప్లాస్మా వెలిగించే వేళ ఓ అరనిమిషం పాటు అది 620 మెగావాట్లకు ఎగబాకుతుంది. ఇంత బరువు ఒక్కసారిగా మీద పడితే బలహీనమైన గ్రిడ్ కుదేలవుతుంది, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆ దెబ్బ తగులుతుంది. అందుకే లైను ఉందా అన్నది ఒక్కటే చూస్తే చాలదు. దాని వెనుక గ్రిడ్ ఎంత పటిష్ఠమైనదో చూడాలి.

ఇక రాయి. కదరాష్ కింద ఉన్నది సున్నపురాయి. గట్టిది, బరువు మోస్తుంది. కానీ ఆ రాతికి ఒక గుణం ఉంది, నీరు దాన్ని కరిగించి లోపల ఖాళీలు చేస్తుంది. మన బెలూం గుహలు ఏర్పడింది అలాంటి రాతిలోనే. నాలుగు లక్షల టన్నుల కట్టడాన్ని మోయబోయే రాతిలో ఎక్కడ బోలు ఉందో తెలియకపోతే ఎలా? బోర్లు వేసి నమూనాలు తీయడం, తరంగాలు పంపి రాతి సాంద్రత కొలవడం ఇందుకే.

అంతకన్నా పెద్ద చిక్కు భూకంపం. 1909 జూన్ 11న ప్రోవెన్స్‌లోని లాంబెస్క్ పరిసరాల్లో వచ్చిన భూకంపంలో 46 మంది మరణించారు. కదరాష్ అక్కడికి ఎంతో దూరం కాదు. దురాన్స్ లోయ వెంబడే ఒక భ్రంశరేఖ కూడా సాగుతోంది. అంటే రెండో ప్రశ్నకు ఇక్కడ జవాబు గట్టిగానే చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ జవాబును ఇప్పుడు ఇటర్ భవనం అడుగున చూడవచ్చు. రాతిలో 17 మీటర్ల లోతు గొయ్యి తవ్వి, దాని అడుగున పోసిన కాంక్రీటు మీద 493 పొట్టి స్తంభాలు నిలిపారు. ఒక్కొక్కటి మనిషి ఎత్తుంటుంది. ప్రతి స్తంభం తల మీద 90 సెంటీమీటర్ల పొడవు వెడల్పులు, 18 సెంటీమీటర్ల మందం ఉన్న దిమ్మె ఒకటి ఉంది. రబ్బరు పొర, ఉక్కు పలక, మళ్లీ రబ్బరు పొర, ఇలా పేర్చి అతికిన దిమ్మె అది. ఉక్కు నిలువు బరువును మోస్తుంది, రబ్బరు అడ్డంగా సాగుతుంది. నేల ఊగితే ఆ ఊపు చాలావరకు ఇక్కడే ఆగిపోయి, పైనున్న భవనం నెమ్మదిగా కదులుతుంది. స్తంభాల మధ్య మనిషి తిరిగేంత జాగా వదిలారు, దిమ్మెలను పరీక్షించాలి కదా, అవసరమైతే మార్చాలి కూడా. స్థల పరిశీలన నివేదికలో భూకంపం గురించి రాసిన వాక్యాలే ఇలా రబ్బరుగా, ఉక్కుగా మారాయనిపిస్తుంది.

సముద్రానికి దూరం కావడం రెండు రకాలుగా మూల్యం చెల్లించమంది. ఒకటి, చల్లదనం. ప్రోవెన్స్ కాలువ ద్వారా వెర్డన్ నది నీటిని రప్పించి, శీతలీకరణ టవర్లు కట్టాల్సి వచ్చింది. రెండోది, దారి. ఇటర్ భాగాలు ఓడల్లో ఫోస్ సుర్ మేర్ రేవుకు చేరి, అక్కడి నుంచి బేర్ సరస్సు దాటి, 104 కిలోమీటర్లు రోడ్డు మీద రావాలి. 10 మీటర్లకు మించిన ఎత్తు, 9 మీటర్ల వెడల్పు, వాహనంతో కలిపి 900 టన్నుల దాకా బరువు. వంతెనలను బలపరిచారు, కూడళ్లను తిరిగి మలిచారు, రోడ్లు వెడల్పు చేశారు. 2013 సెప్టెంబరులో కాంక్రీటు దిమ్మెలు నింపిన 800 టన్నుల వాహనాన్ని రాత్రివేళల్లో ఆ దారంతా నడిపించి వంతెనలు తట్టుకుంటాయో లేదో కొలిచారు. రేవు పక్కనే ఉన్న రొక్కాషోకు ఈ అవస్థలో చాలా భాగం తప్పేది.

జనం భద్రత లెక్క వేరు. సంలీనంలో గొలుసు చర్య ఉండదు, ప్లాస్మాలో ఒక్కసారికి ఉండే ఇంధనం గ్రాముల్లోనే. కానీ ట్రిటియం రేడియోధార్మికం, దాని అర్ధాయువు 12.3 ఏళ్లు. ఎంతటి ప్రమాదంలోనైనా చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే అవసరం రాకూడదన్నది ఇటర్ పెట్టుకున్న నియమం. స్థలం నిర్ణయమయ్యాక 2006లో ఫ్రాన్స్‌లో బహిరంగ చర్చలు జరిగాయి. 2011లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2012 నవంబరులో గానీ అనుమతి ఉత్తర్వు రాలేదు. చోటు ఎంచుకున్నాక జనాన్ని అడగడం కన్నా, ఎంచుకునే ముందే అడిగి ఉంటే మెరుగ్గా ఉండేదని నేను గట్టిగా అనుకుంటున్నాను.

ఇంతకీ నిపుణులు ఏం తేల్చారు? 2003లో వచ్చిన సంయుక్త నివేదిక నాలుగు స్థలాలూ నిబంధనలకు సరిపోతాయంది. దాంతో శాస్త్రం పక్కకు తప్పుకుని, బేరం మొదలైంది. 2003 నవంబరులో యూరప్ వాండెయోస్‌ను కాదని కదరాష్‌ను తన అభ్యర్థిగా నిలిపింది, ఇటర్‌లో యూరప్ వాటా పనులు చూసే సంస్థ కార్యాలయం మాత్రం స్పెయిన్‌లోని బార్సిలోనాకు దక్కింది. కెనడా తప్పుకుంది. అమెరికా, దక్షిణ కొరియా రొక్కాషో వైపు, రష్యా, చైనా కదరాష్ వైపు నిలిచాయి. చివరికి జపాన్ పట్టు సడలించింది. ప్రతిగా తొలి డైరెక్టర్ జనరల్ పదవి, తన వాటాకు మించిన ఉద్యోగాలు పొందింది, రొక్కాషోలో పరిశోధన కేంద్రం, నాకాలో కొత్త సంలీన యంత్రం వచ్చాయి.

భారత్ చేరింది 2005 డిసెంబరులో, చోటు ఖాయమయ్యాక. యంత్రాన్నంతా చుట్టి ఉంచే 3,850 టన్నుల క్రయోస్టాట్ మన వంతు. గుజరాత్‌లోని హజీరాలో తయారైన దాని ముక్కలు ఆ 104 కిలోమీటర్ల దారిలోనే కదరాష్ చేరాయి. వాటిని అక్కడే జోడించి, 1,250 టన్నుల అడుగుభాగాన్ని 2020 మే నెలలో గొయ్యిలోకి దించారు.

ఆ తర్వాత బ్రిటన్ తన స్టెప్ సంలీన కేంద్రానికి చోటు వెతికిన తీరు చూస్తే ఎంతవుతుందన్న రెండో ప్రశ్న ముందుకు జరిగినట్టు కనిపిస్తుంది. స్థలాలు ప్రతిపాదించమని స్థానిక సంఘాలనే ఆహ్వానించి, 2022 అక్టోబరులో నాటింగ్‌హామ్‌షైర్‌లోని వెస్ట్ బర్టన్ బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని ఎంచుకున్నారు. ఇటర్‌లా కాకుండా, ఆ కేంద్రం గ్రిడ్‌కు కరెంటు ఇవ్వాలి. గ్రిడ్ లైన్లు, ట్రెంట్ నది నీరు, రైలు మార్గం అక్కడ అప్పటికే ఉన్నాయి.