బంగారు కొండకు పోయినవారి ఇంటిపేర్లు



సంబంధము మాటలాడ వచ్చినవారిని మనము మొట్టమొదట అడుగునది ఇంటిపేరు గదా. ఆ ఇంటిపేరే తప్పిపోయిన కుటుంబములు ఆస్ట్రేలియా ఖండములో పెక్కు గలవు. వారి సంగతి నేడు మనవి చేసెదను.

1851లో ఆ ఖండమునకు ఆగ్నేయమున నున్న విక్టోరియా సీమలో బంగారము బయటపడినది. ఆ వార్త చీనాదేశపు దక్షిణతీరమునకు ప్రాకగా, కాంటన్ నగరపు చుట్టుపట్లనున్న రైతులు వేలకొలది ఓడలెక్కిరి. పేదరికము, అంతఃకలహములు వారి నట్లు తరిమినవి. పెక్కుమంది ఓడకూలి సైతము అప్పుచేసి వచ్చినవారే. బెండిగో పట్టణమునకు వారు పెట్టుకొన్న పేరు 'పెద్ద బంగారు కొండ'.

తెల్లవారికి వీరి రాక కంటగింపైనది. 1855లో విక్టోరియా ప్రభుత్వము తన రేవులలో దిగు ప్రతి చీనావానికిని 10 పౌనుల పన్ను విధించెను. ఓడల యజమానులు అందుకు ఉపాయము పన్ని, ఆ పన్ను లేని పొరుగు సీమలో, రోబ్ అను చిన్న రేవున వారిని దింపసాగిరి. అచ్చటినుండి గనులకు రెండువందల మైళ్లకు పైబడిన దారి. కావళ్లు భుజమున వేసికొని, ఒకరివెనుక నొకరు బారులు తీరి నడచిరి. 1857లో అట్లు పోవుచున్న జట్టొకటి దారిలో బంగారము కనుగొనగా అరరాట్ అను ఊరు వెలసినది.

ఇక పేర్ల మాట. చీనావారును మనవలెనే ఇంటిపేరు ముందును, సొంతపేరు వెనుకను చెప్పుదురు. ఇంగ్లీషు గుమాస్తాకు కడపటిదే ఇంటిపేరు. అంతకన్న పెద్ద చిక్కు మరియొకటి. చనువుగా పిలుచునపుడు పేరునకు ముందు 'ఆ' అని చేర్చుట వారి వాడుక. మన 'అన్న', 'అప్ప' వెనుక చేరినట్లు అది ముందు చేరును. పేరేమని యడుగగా, తోటివారు పిలుచు పిలుపునే చెప్పినవారు ఎందరో! గుమాస్తా దానినే చిట్టాలో నెక్కించెను. ఆ పిలుపే బిడ్డలకు ఇంటిపేరైనది. మా తాతగారి పేరు దస్తావేజులో ఒక్క యక్షరము తప్పిపడినందులకు మేము రెండు తరములు తిరిగితిమి. వ్రాసినవాడు మా ఊరివాడే, మా భాషవాడే. వారి పాటు వేరుగ చెప్పవలెనా?

వచ్చినవారు దాదాపుగ అందరును పురుషులే. పలువురు తిరిగి పోయిరి. నిలిచినవారిలో కొందరు ఐర్లాండు, ఇంగ్లండు దేశముల పడుచులను పెండ్లాడిరి. 1901లో తెల్లవారు కానివారి రాకను అరికట్టు చట్టము వచ్చినపిదప, తాత చీనావాడని చెప్పుకొనుటకు జంకి, ఆ మాటయే ఇంట నెత్తని కుటుంబములు గలవు.

అయినను రాయి దాచలేదు. బెండిగో దాపున వైట్ హిల్స్ శ్మశానములో చీనాలిపి చెక్కిన సమాధిశిల లున్నవి. చనిపోయినవారి పూర్తి పేరును, జిల్లాయు, గ్రామమును చెక్కుట వారి యాచారము. కొన్నేండ్లకు ఎముకలు తీసి స్వగ్రామమునకు పంపుట నాడు వారిలో నుండెను గనుక, ఊరిపేరు అత్యవసరమై యుండెను. నేడు మునిమనుమలు ఆ లిపి నెరుగరు; చదువగలవారిని వెంటబెట్టుకొని వచ్చి, రాళ్లను వెదకుచున్నారు.

ఊరు తెలిసినచో తక్కినది కొంత సులభము. ఆ గ్రామములలో వంశావళి గ్రంథములు వ్రాసి యుంచు అలవాటున్నది. వలసపోయినవారిలో పెక్కుమందికి స్వగ్రామమున భార్యాబిడ్డలుండిరి. కావున తాతగారి పేరు వెదకబోయినవారికి ఆ పేరుక్రింద తామెరుగని పెదనాన్నల వంశము కనబడుటయు గలదు. రాయి దొరకనివారు మాత్రము, ఎవరో స్నేహితుడు గనియొద్ద పిలిచిన ఆ పిలుపునే ఇంటిపేరుగా నేటికిని వ్రాసికొనుచున్నారు.