వెనక అట్ట మీద తోక చాలు

అమ్మలూ, మీ స్నేహితురాలి వాళ్ల నాన్నగారి స్వీయచరిత్రకి వెనక అట్ట మీద వేసే నాలుగు ముక్కలు పంపావు కదా, చూశాను. పుట్టిన ఊరు, చదివిన బళ్లు, చేసిన ఉద్యోగాలు, అందుకున్న శాలువాలు వరసగా ఉన్నాయి. చివర్న ‘ప్రతి ఒక్కరూ తప్పక చదవాల్సిన పుస్తకం’ అని కూడా వేశారు. అందులో ఒక్క అబద్ధం లేదు. కానీ కొట్లో నిలబడి దీన్ని చదివినవాడు, పుస్తకాన్ని ఎక్కణ్ణుంచి తీశాడో అక్కడే పెట్టేస్తాడు. ఎందుకు పెట్టేస్తాడో చెప్పే సైన్సు ఉంది. తీరికగా విను.

జార్జ్ లోవెన్‌స్టైన్ అని అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ప్రొఫెసరు. చదివింది ఆర్థికశాస్త్రం, చూపంతా మనుషుల బుద్ధి మీద. ఆయన 1994లో కుతూహలం గురించి పెద్ద వ్యాసం రాశాడు. మనకి తెలిసినదానికీ తెలుసుకోవాలనుకుంటున్నదానికీ మధ్య ఖాళీ కంటపడితే పుట్టేదే కుతూహలం అన్నాడు. పళ్ల సందున వక్కముక్క ఇరుక్కుంటే, వద్దన్నా నాలుక అక్కడికే పోతుంది చూడు, అలాగన్నమాట. అయితే ఖాళీ కనపడాలంటే దాని చుట్టూ కొంత నిండి ఉండాలి. బొత్తిగా ఏమీ తెలియనివాడికి ఖాళీ కనపడదు. అంతా తెలిసినవాడికి ఖాళీయే ఉండదు.

ఆ వ్యాసంలో ఒక ప్రయోగం ఉంది. కంప్యూటరు తెర నిండా గళ్లు. ఏ గడి నొక్కితే దాని వెనకున్న బొమ్మ బయటపడుతుంది. కొందరికి గడికో జంతువు చొప్పున పెట్టారు. మిగిలినవాళ్లకి గళ్లన్నీ కలిస్తే ఒకటే పెద్ద జంతువు. మొదటివాళ్లు కాసిని నొక్కి ఊరుకున్నారు. రెండోవాళ్లు మాత్రం నొక్కుతూనే పోయారు. తోక కనిపించాక మొహం చూడకుండా లేవబుద్ధి కాదుగా మరి!

ఇప్పుడు నువ్వు పంపిన కాగితం మళ్లీ చూడు. గడికో జంతువు! బడి, ఉద్యోగం, బదిలీ, సన్మానం. దేనికదే పూర్తయిపోయింది, ఏదీ రెండోదాన్ని అడగదు.

పేరున్నవాళ్ల జీవితాలకి చిక్కు ఇంకోలా వస్తుంది. కాలిఫోర్నియాలో కాల్‌టెక్ యూనివర్సిటీ వాళ్లు 2009లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. కుర్రాళ్లని స్కానర్లో పడుకోబెట్టి రకరకాల చిల్లర ప్రశ్నలు వేశారు. జవాబు బొత్తిగా తెలియని చోటా, ఖాయంగా తెలిసిన చోటా కుతూహలం తక్కువ. తెలిసీ తెలియనట్టున్న చోటే ఎక్కువ. అలా కుతూహలం రేగినప్పుడు మెదడులో చురుగ్గా కనిపించినవాటిలో బహుమతి కోసం ఎదురుచూసేటప్పుడు పనిచేసే భాగం కూడా ఉంది.

టంగుటూరి ప్రకాశం పంతులుగారి ‘నా జీవిత యాత్ర’నే తీసుకో. వెనక అట్ట నేను రాయాల్సివస్తే 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ రోజున తుపాకీకి రొమ్ము చూపించిన సంగతి వెయ్యను. అది తెలుగువాళ్లందరికీ కంఠతా వచ్చు, అక్కడ ఖాళీ లేదు. ఒంగోల్లో తల్లి పూటకూళ్ల ఇల్లు నడిపి పెంచిన పిల్లాడు లండన్ వెళ్లి బారిస్టరయ్యాడు. మద్రాసులో దండిగా సంపాదించాడు. సంపాదించిందంతా స్వరాజ్య పత్రికకీ ఉద్యమానికీ ధారపోసి, చివరికి చేతిలో ఏమీ లేకుండా పోయాడు. ఈ మూడు ముక్కలూ రాసి ఆపేస్తాను. పూటకూళ్ల ఇంటి నుంచి లండన్‌కి దారి ఎలా పడింది, అంత డబ్బు వదులుకోవడానికి మనసెలా ఒప్పింది అని చదివేవాడే అడుగుతాడు.

చివర చెప్పేస్తే ఇంక ఎవరు కొంటారని నీ బెంగ కదూ? 2011లో శాన్ డియేగోలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు జనం చేత చిన్నకథలు చదివించారు. ముగింపు ముందే చెప్పించుకున్నవాళ్లకి కథలు కాస్త ఎక్కువే నచ్చాయి. తర్వాత వేరేవాళ్లు చేసినప్పుడు అన్నిసార్లూ అలా తేలలేదు కాబట్టి దీన్ని వేదంలా పట్టుకోవద్దు. స్వీయచరిత్ర సంగతి మాత్రం వేరే. రాసినాయన బతికి బట్టకట్టాడని అట్ట మీద పేరు చూస్తేనే తెలుస్తోంది. ఏమవుతుందన్న ప్రశ్నకి అక్కడ చోటు తక్కువ. ఎలా గట్టెక్కాడు, ఎందుకలా చేశాడు అన్నవే మిగులుతాయి.

ఇక పొగడ్తలు. 1907లో జెలెట్ బర్జెస్ అనే అమెరికా హాస్యరచయిత, అట్టల మీది అతిపొగడ్తలని వెక్కిరిస్తూ తన పుస్తకానికి ఓ ఉత్తుత్తి అట్ట వేయించాడు. దాని మీద గావుకేకలు పెడుతున్న అమ్మాయి బొమ్మ, పేరు మిస్ బెలిండా బ్లర్బ్. అట్ట మీద వేసే ఇలాంటి రాతని బ్లర్బు అంటారు కదా, ఆ మాట ఆ వెక్కిరింపులోంచి వచ్చిందే. అంతకు చాలా ముందే అమెరికా కవి వాల్ట్ విట్మన్, పేరున్న రచయిత ఎమర్సన్ తనకి విడిగా రాసిన ఉత్తరంలోంచి ఒక వాక్యం తీసి, 1856 నాటి రెండో ముద్రణలో తన కవితల పుస్తకం వీపు మీద బంగారు అక్షరాలతో కొట్టించాడు. ఆయన్ని ఓ మాటైనా అడగలేదు! మనవాళ్లు నయం, అడిగి మరీ పొగిడించుకుంటారు. ఊరూపేరూ ఎరిగిన పెద్దమనిషి, పుస్తకం నిజంగా చదివి అన్న ఒక్క మాట ఉంటే వేయండి. లేకపోతే ఆ జాగా ఖాళీగా వదిలినా నష్టం లేదు.

మరి మీ స్నేహితురాలి నాన్నగారి పుస్తకంలో తోక ఎక్కడుంది? రాతప్రతి తిరగేస్తే తొమ్మిదో అధ్యాయంలో దొరికింది. నేనైతే ఇలా రాస్తాను:

‘1977 నవంబరు 19. దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన రాత్రి అక్కడి టెలిగ్రాఫు ఆఫీసులో డ్యూటీ నిజానికి తనది. స్నేహితుడితో మార్చుకుని గుడివాడలో పెళ్లికి వెళ్లాడు. ఆ స్నేహితుడి ఇంటి గడప తొక్కడానికి పదకొండేళ్లు పట్టింది.’

అంతే. ఊరుంది, రోజుంది, మనసులో ముల్లుంది. ఆ పదకొండేళ్ల సంగతి పుస్తకం లోపల ఉంది కాబట్టే దీన్ని బయట వేయొచ్చు. లోపల జవాబు లేని ప్రశ్న అట్ట మీద వేస్తే కొన్నవాడు ఒకసారి మోసపోతాడు, పదిమందికి చెబుతాడు. ఇంకోటి, ఆ స్నేహితుడి పిల్లల్ని అడగకుండా మాత్రం అచ్చుకి ఇవ్వొద్దను. పోయినవాళ్ల దుఃఖం మనకి అమ్మకపు సరుకు కాకూడదు.

ఇంత మంచి తోక ఆయన కంటికెందుకు ఆనలేదంటావా? 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే విద్యార్థిని కొందరిని అందరికీ తెలిసిన పాటలు బల్ల మీద వేళ్లతో వాయించమంది. సగం మందైనా పోల్చుకుంటారని వాయించినవాళ్ల ధీమా. వాయించిన 120 పాటల్లో విన్నవాళ్లు పోల్చింది మూడే. వాయించేవాడికి లోపల పాట వినిపిస్తూనే ఉంటుంది, అవతలివాడికి వినపడేది టకటకే. ఈయనకీ అంతే. శాలువా అనగానే ఆయనకి ఆ సభంతా కళ్లకి కడుతుంది, మనకి కనపడేది శాలువా.

కాబట్టి వెనక అట్ట ఆయన్నీ ఇంట్లోవాళ్లనీ రాయనివ్వకు. ఆయన్ని ఎరగని మనిషికి రాతప్రతి ఇవ్వండి. వారం ఆగి, కాగితం ముట్టకుండా, అందులో ఏముందో చెప్పమనండి. ముందుగా ఏది చెబితే అది రాసుకో. మధ్యలో ఎక్కడైనా ‘అదేంటి, అప్పుడాయన...’ అని ఆగితే, ఆ ఆగిన చోట గీత పెట్టుకో. పెట్టుకున్నాక నాకు పంపు, భాష సంగతి నేను చూస్తా.