శిక్ష లేని తీర్పు మెదడుకు ఎందుకు మింగుడు పడదు

తెనాలి నుంచి ఒక పాఠకుడు రాశారు: "న్యూయార్క్‌లో ట్రంప్‌ను జ్యూరీ 34 నేరాల్లో దోషి అంది. తీరా చూస్తే ఒక్కరోజు జైలు లేదు, ఒక్క డాలరు జరిమానా లేదు. ఆయన నాకేమీ ఎగ్గొట్టలేదు. నేను అమెరికా మొహం చూసినవాణ్ణి కాదు. మరి నాకెందుకండీ ఒళ్లు మండాలి?"

రాజకీయాల జోలికి ఈ శీర్షిక వెళ్లదు. కానీ ఆ చివరి వాక్యం చూశాక ఊరుకోవడం నా వల్ల కాలేదు. ప్రవర్తనా శాస్త్రవేత్తలు పాతికేళ్లుగా తలలు బద్దలుకొట్టుకుంటున్న ప్రశ్న అది.

కేసు సంగతి గబగబా చెప్పేస్తాను. 2016 ఎన్నికల ముందు ఒక నటి నోరు విప్పకుండా ఉండేందుకు 1,30,000 డాలర్లు ముట్టాయి. ఆ సొమ్మును ముందు కట్టిన లాయరుకు తిరిగి చెల్లించేటప్పుడు ఖాతాల్లో లాయరు ఫీజు అని రాయించారన్నది అభియోగం. 2024 మే 30న మన్‌హట్టన్‌లో 12 మంది జ్యూరీ సభ్యులు ఏకగ్రీవంగా 34 అభియోగాలూ రుజువయ్యాయన్నారు. ఒక్కోదానికి నాలుగేళ్ల దాకా జైలు పడవచ్చు. శిక్ష ఖరారు మాత్రం జులై నుంచి సెప్టెంబరుకు, సెప్టెంబరు నుంచి నవంబరుకు, అక్కడి నుంచి 2025 జనవరి 10కి జరుగుతూ పోయింది. అప్పటికి ఆయన మళ్లీ ఎన్నికలు గెలిచేశారు, ప్రమాణ స్వీకారానికి పది రోజులే ఉంది. జడ్జి హువాన్ మెర్చన్ బేషరతుగా విడుదల చేశారు. దోషి అన్న ముద్ర రికార్డుల్లో ఉంటుంది, శిక్ష మాత్రం ఏమీ ఉండదు. ఫ్లోరిడా ఇంటి నుంచి వీడియోలో హాజరైన ట్రంప్, తాను నిర్దోషినని, ఇదంతా రాజకీయ కక్ష అని చెప్పుకొచ్చారు.

ఇక అసలు విషయానికి వద్దాం. మన సొమ్ము ఎవడైనా కాజేస్తే కోపం రావడంలో వింత లేదు, కుక్కకైనా వస్తుంది. ఎవరి సొమ్మో ఎవరో కాజేస్తే సంబంధం లేని మూడో మనిషికి కోపం రావడం, ఆ కోపంతో తన జేబులోంచి ఖర్చు పెట్టుకుని మరీ శిక్షించాలనుకోవడం, ఇదీ చిక్కు. పరిణామ సిద్ధాంతం లెక్కలో ఇది శుద్ధ దండగ. పక్కవాడి గొడవలో తల దూర్చినవాడికి దెబ్బలు మిగులుతాయి, లాభం ఊరందరికీ పోతుంది. అలాంటి గుణం తరాల వడపోతలో ఎలా నిలిచింది?

ఈ మాట ఎత్తగానే ఎవరో ఒకరు ఆ కోతి వీడియో పంపిస్తారు. మీ ఫోన్లోకీ వచ్చే ఉంటుంది. రెండు కాపుచిన్ కోతులు. చేసే పని ఒక్కటే. ఒకదానికి దోసకాయ ముక్క, పక్కదానికి ద్రాక్షపండు. మొదటిది దోసకాయను మనిషి మీదికి విసిరికొడుతుంది. సారా బ్రోస్నన్, ఫ్రాన్స్ ద వాల్ 2003లో 'నేచర్' పత్రికలో అచ్చేసిన ప్రయోగం ఇది. "చూశారా, కోతికీ న్యాయం తెలుసు" అని ప్రపంచమంతా మురిసిపోయింది. చూడముచ్చటైన వీడియోనే, కాదనను. కానీ మన ప్రశ్నకు అది జవాబు కాదు. ఆ కోతి తనకు తక్కువైందని గోల చేసింది. ద్రాక్ష తింటున్న కోతి లేచి, "పక్కవాడికి అన్యాయం జరిగింది, నాకూ వద్దు" అనాలి కదా? అలా అనలేదు. పైగా ఇతర కోతుల మీద, తోక లేని వానరాల మీద ఇలాంటి ప్రయోగాలు మళ్లీ చేసినవారిలో కొందరికి ఆ ఫలితమే రాలేదు.

సరైన పరీక్ష 2012లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో చింపాంజీల మీద జరిగింది. ఒక చింపాంజీ తిండిని ఇంకొకటి లాగేసుకుంటుంది. దొంగ చేతికి ఆ తిండి దక్కకుండా చేసే వీలు మరో చింపాంజీకి ఉంటుంది. తన తిండి పోయినప్పుడు బలమైన చింపాంజీలు దొంగకు తిండి దక్కనివ్వలేదు. వేరే చింపాంజీ తిండి పోతే మాత్రం పట్టించుకోలేదు. పోయింది సొంత చుట్టానిదైనా సరే, అంతే. అంటే తెనాలి పాఠకుడి ఒంటిమంట చింపాంజీకి రాదు. మన దగ్గరి చుట్టాల్లోనే కనబడని గుణమన్నమాట.

మనుషుల్లో అదెంత బలంగా ఉందో కొలిచినవారు స్విట్జర్లాండులోని జ్యూరిక్ ఆర్థికవేత్తలు. ఎర్నస్ట్ ఫేర్, ఉర్స్ ఫిష్‌బాకర్ 2004లో అచ్చేసిన ఆట చూడండి. ముగ్గురు ఆటగాళ్లు, ఒకరి మొహం ఒకరికి తెలియదు. మొదటివాడి దగ్గర 100 పాయింట్లు, రెండోవాడి దగ్గర సున్నా. మొదటివాడు తన ఇష్టం వచ్చినంత రెండోవాడికి ఇవ్వవచ్చు, అసలు ఇవ్వకపోవచ్చు. మూడోవాడి దగ్గర 50 పాయింట్లు ఉంటాయి, అతనికి ఈ పంపకంతో ఏ సంబంధమూ లేదు. అతను ఒక పాయింటు వదులుకుంటే మొదటివాడికి మూడు పోతాయి. పాయింట్లంటే ఉత్త అంకెలు కావు, చివర్లో చేతికొచ్చే అసలు డబ్బు. బుద్ధి ఉన్నవాడు 50 జేబులో వేసుకుని ఇంటికి పోవాలి. కానీ మొదటివాడు సగం కంటే తక్కువ ఇచ్చినప్పుడల్లా మూడోవాళ్లలో సగానికి పైగా తమ డబ్బు తగలేసుకుని శిక్షించారు. ఎంత తక్కువ ఇస్తే అంత గట్టిగా! పాఠకుడి ప్రశ్నలో సగం ఇక్కడే తేలిపోయింది. ఆ మూడోవాడు ఆయనే.

మిగతా సగం నాకు మరీ ఇష్టమైనది. అదే ఏడాది 'సైన్స్' పత్రికలో డొమినిక్ ద కెర్వాన్ బృందం, ఫేర్ కూడా అందులో ఉన్నారు, తానే మోసపోయి ఇలాంటి కోపం వచ్చిన మనిషిని పెట్ స్కానర్‌లో పడుకోబెట్టి మెదడు చూసింది. ఆ ఆట నమ్మకం మీద నడుస్తుంది. ఇద్దరి దగ్గరా చెరో 10 యూనిట్లు. మొదటివాడు తన పదీ రెండోవాడికి పంపితే అది నాలుగింతలై 40 అవుతుంది. ఇప్పుడు రెండోవాడి దగ్గర 50. అందులో సగం తిరిగి ఇస్తే ఇద్దరూ బాగుపడతారు. మొత్తం మింగేస్తే మొదటివాడు నిలువునా మునిగినట్టే. మింగేశాడని తెలిశాక మొదటివాడికి ఒక నిమిషం గడువు. ఎన్ని శిక్ష పాయింట్లు వేయాలో తేల్చుకోవాలి. ఆ ఒక్క నిమిషమూ మెదడులో రక్తం ఎటు పారుతోందో స్కానర్ గమనిస్తుంది.

కీలకం శిక్ష పద్ధతుల్లో ఉంది. ఒక పద్ధతిలో శిక్షకు ఇద్దరికీ ఖర్చు. పాయింటు వేసిన నాకు ఒకటి పోతే, నమ్మకద్రోహికి రెండు పోతాయి. మరోదానిలో నాకేమీ పోదు, వాడికి మాత్రమే రెండు పోతాయి. ఇంకోటి వట్టి నామమాత్రపు శిక్ష. పాయింట్లు వేయవచ్చు, "నువ్వు చేసింది తప్పు" అని చెప్పవచ్చు, వాడికి మాత్రం పైసా పోదు. జనవరి 10న న్యూయార్క్ కోర్టులో జరిగింది ఈ మూడో పద్ధతే కదా! 2004లో స్కానర్ కోసం కల్పించుకున్న షరతు ఇరవై ఏళ్ల తరవాత కోర్టు ఉత్తర్వుగా కనిపిస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నాకైతే ఆ తీర్పు వార్త చదవగానే ముందు ఈ పేపరే గుర్తుకొచ్చింది.

ఫలితం ఇది. నిజమైన శిక్ష వేసే వీలున్నప్పుడు మెదడు లోతుల్లో ఉండే కాడేట్ కేంద్రకం చురుకైంది. ఏదైనా పని చేస్తే ప్రతిఫలం వస్తుందని ఎదురుచూసేటప్పుడు పనిచేసే భాగమది. నామమాత్రపు శిక్షలో అది అంతగా చలించలేదు. తప్పు తప్పేనని ప్రకటించడం, తప్పుకు ఫలితం చెల్లించడం ఈ రెండూ మన తలకాయలో ఒకే లెక్కలోకి రావన్నమాట. ఇంకో ముక్క కూడా ఉంది. తమకు ఖర్చు లేనప్పుడు ఎవరి కాడేట్ ఎక్కువగా చురుకైందో, ఖర్చు ఉన్నప్పుడు కూడా వాళ్లే ఎక్కువ డబ్బు వదులుకుని శిక్షించారు. శిక్షించాక కలిగే తృప్తి కాదది, తృప్తి దొరుకుతుందన్న ఆశ. ఆ ఆశ మీద పెట్టుబడి పెడుతున్నారు.

అప్పట్లో పత్రికలు "పగ తీపి అని తేలింది" అంటూ శీర్షికలు పెట్టేశాయి. తప్పు. కాడేట్ వెలిగిందంటే తీపి తగిలిందని అర్థం కాదు, ఆ భాగం వంద పనులకు వెలుగుతుంది. తీపి సంగతి కార్ల్‌స్మిత్, విల్సన్, గిల్బర్ట్ అనే ముగ్గురు అమెరికన్ మనస్తత్వవేత్తలు 2008లో తేల్చారు. ఆటలో అందర్నీ ముంచినవాణ్ణి శిక్షించే వీలు కొందరికి ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. శిక్షిస్తే హాయిగా ఉంటుందని అందరూ ఊహించారు. తీరా కాసేపయ్యాక అడిగితే, శిక్షించినవారే ఎక్కువ చిరాగ్గా ఉన్నారు. ఆ ముంచినవాడి గురించే తలుచుకుంటూ కూర్చున్నారట. శిక్షించే వీలు లేనివాళ్లు మాత్రం సంగతి మరిచిపోయి పని చూసుకున్నారు.

మరి తృప్తి ఎప్పుడు? జర్మన్ మనస్తత్వవేత్త మారియో గోల్‌విట్జర్ బృందం దీని వెంట పడింది. తప్పు చేసినవాడు బాధపడితే చాలదు. తను చేసిన పనికే ఈ శిక్ష పడిందని వాడికి అర్థమైనప్పుడు, ఆ అర్థమైనట్టు మనకు తెలిసినప్పుడు శిక్షించినవారి మనసు కుదుటపడుతుంది. పశ్చాత్తాపం మాట వినపడితే ఇంకా మేలు. పెద్దవాళ్ల కేసుల్లో జనం కడుపుమంట ఎందుకు చల్లారదో ఇక్కడ తెలుస్తుంది. జ్యూరీ దోషి అనగానే పెద్దమనిషి కెమెరాల ముందుకొచ్చి నవ్వుతూ, నేనే బాధితుణ్ణి అంటాడు. డబ్బు, పలుకుబడి ఉన్నవాడు అప్పీళ్లతో కాలమే కాదు, ఆ ఒప్పుకోలును కూడా ఎగ్గొడతాడు.

ఇదంతా చదివి, జనం కోపం ఎప్పుడూ న్యాయం వైపే ఉంటుందనుకుంటే పొరపాటు. మన దేశంలోనే కమాండర్ నానావతి కథ ఉంది. 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో ఆ నౌకాదళ అధికారి, తన భార్యతో సంబంధం పెట్టుకున్న ప్రేమ్ అహూజాను కాల్చి చంపాడు. జ్యూరీ 8-1 తేడాతో నిర్దోషి అంది. జడ్జి ఆ తీర్పు నిలవదని హైకోర్టుకు పంపారు. హైకోర్టు యావజ్జీవం వేసింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. మూడేళ్లు తిరక్కుండానే, 1964లో మహారాష్ట్ర గవర్నరు విజయలక్ష్మీ పండిట్ క్షమాభిక్ష పెట్టారు. యూనిఫాం, పరిచయాలు, 'బ్లిట్జ్' పత్రిక ప్రచారం అన్నీ ఆయన వైపు. ఒకడు చచ్చిపోయాడు, కాల్చినవాడు బయటికొచ్చాడు, జనానికి మాత్రం ఒళ్లు మండలేదు, పండగ చేసుకున్నారు. అన్నట్టు, దేశంలో ఇదే ఆఖరి జ్యూరీ విచారణ అని ఇప్పటికీ రాస్తుంటారు. కాదు. 1973 నేర విచారణ స్మృతి వచ్చేదాకా కొన్నిచోట్ల జ్యూరీలు నడిచాయి.

నానావతి చిక్కుకూ జ్యూరిక్ స్కానర్ దగ్గర జవాబుంది. వాళ్ల ఆటలో ఇంకో పద్ధతి పెట్టారు. డబ్బు తిరిగి ఇవ్వాలా వద్దా అన్నది రెండోవాడు కాకుండా ఒక యంత్రం లాటరీ వేసి తేలుస్తుంది. నష్టం అంతే. కానీ అప్పుడు శిక్షించినవారు కొద్దిమందే. మనిషి పోగొట్టుకున్నదానికి కాదు, ఎదుటివాడు కావాలని చేశాడన్న భావానికి రగులుతాడు. బొంబాయి జనం దృష్టిలో కావాలని తప్పు చేసినవాడు అహూజా, నానావతి కాదు. ట్రంప్ అభిమానుల దృష్టిలో కావాలని తప్పు చేసినవారు కేసు పెట్టిన ప్రాసిక్యూటర్లు. తీర్పు రోజు వాళ్లకూ ఒళ్లు మండింది, అదే మోతాదులో. తెనాలి పాఠకుడికీ వాళ్లకూ తేడా ఎవరిని దోషి అనుకున్నారన్నదే.

ఫ్రాంచెస్కో గ్వాలా అనే తత్వవేత్త దీనంతటి మీదా నీళ్లు చల్లాడు. ప్రయోగశాల బయట జనం జేబులోంచి ఖర్చు పెట్టుకుని శిక్షించడం ఎక్కడా పెద్దగా కనపడదని, చాటుగా చెప్పుకుంటారు, దూరం పెడతారు, వెలివేస్తారు, లేదంటే కోర్టుకు పోతారని 2012లో రాశాడు. నిజమే. అయితే అది నా వాదనకే బలం. ఖర్చయ్యే శిక్షను మనం కోర్టుకు అప్పగించి, పన్ను కట్టి కూర్చున్నాం. ఆ కోర్టు నామమాత్రపు శిక్షతో సరిపెడితే మన పెట్టుబడి ఏమైనట్టు?

ఏమవుతుందో ఫేర్, సైమన్ గెక్టర్ 2002లోనే చూపించారు. నలుగురేసి ఉమ్మడి నిధికి డబ్బు వేసే ఆటలో, ఎగ్గొట్టినవాణ్ణి శిక్షించే వీలు లేకపోతే రౌండు రౌండుకీ నిధి తగ్గిపోతుంది. మంచివాళ్లు చెడ్డవాళ్లయిపోయి కాదు. చాలామంది ఎదుటివాళ్లు వేస్తే వేస్తారు, లేకపోతే మానేస్తారు. శిక్ష వచ్చిందో లేదో నిధి మళ్లీ లేస్తుంది.

కోర్టు తీర్పుల విషయంలో దీన్ని అతి చవగ్గా పరీక్షించినవారు ముల్లెన్, నాడ్లర్ అనే పరిశోధకులు. 2008లో వాళ్లు చేసిన ప్రయోగంలో, తమ నైతిక విశ్వాసానికి అడ్డంగా వచ్చిన కోర్టు తీర్పు గురించి కొందరు చదివారు. ప్రశ్నలకు జవాబులు రాయడానికి అందరికీ పెన్నులిచ్చారు, పోయేటప్పుడు ఇచ్చేయమన్నారు. తీర్పు గిట్టనివాళ్లలో పెన్ను ఇవ్వకుండా వెళ్లిపోయినవారు మిగతావాళ్ల కంటే ఎక్కువ. తీర్పు ఇచ్చింది ఏ కోర్టో, పెన్ను ఎవరిదో! ఆ రెంటికీ ఏ సంబంధమూ లేదు.

దీనివల్ల ఉపయోగమేమిటని సంపాదకులు అడుగుతారు, ప్రతి నెలా అడిగేదే. శిక్షలు నేరాలను ఆపుతాయా అని లెక్కలేసే కమిటీలు, శిక్ష పడని తీర్పు నేరం చేయనివాళ్లను ఏం చేస్తుందో కూడా లెక్కేస్తే బాగుంటుంది. అంతకు మించి నా దగ్గర సలహాల్లేవు. ఒక విన్నపం మాత్రం ఉంది. ఈ పెన్ను ప్రయోగాన్ని మన దగ్గర ఏ డిగ్రీ కాలేజీ సైకాలజీ విద్యార్థులైనా తెలుగు వార్తలతో మళ్లీ చేయవచ్చు. ఖర్చు కొన్ని డజన్ల పెన్నులు. చేస్తే, ఎన్ని పెన్నులు తిరిగొచ్చాయో ఈ పత్రికకు రాయండి.