సర్ఫేసీ నోటీసు

గృహరుణం వాయిదాలు తప్పి ఖాతా నిరర్థక ఆస్తిగా మారినప్పుడు, కోర్టు తీర్పుతో పనిలేకుండానే తాకట్టు ఇంటిని స్వాధీనం చేసుకునే అధికారాన్ని బ్యాంకులకు ఇచ్చిన 2002 నాటి చట్టమే సర్ఫేసీ. సెక్షన్ 13(2) కింద వచ్చే 60 రోజుల నోటీసుకు రుణగ్రహీత రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపితే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి కనుక, ఆ అభ్యంతరాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపి రశీదు భద్రపరచుకోవడం అత్యవసరం. స్వాధీన చర్య జరిగిన 45 రోజుల్లోగా సెక్షన్ 17 కింద రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. ఈ వివాదాలను విచారించే అధికారం సివిల్ కోర్టులకు లేనందున, ఉదాహరణకు కొండగట్టు వాసి దగ్గరలోని జగిత్యాల కోర్టును కాదని హైదరాబాద్‌లోని ట్రిబ్యునల్‌కే వెళ్లవలసి రావడం అప్పుతో నలిగిన కుటుంబానికి నిజంగా కష్టం. నోటీసు కవరుపై తపాలా ముద్ర, వాయిదాల రశీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు, తలుపుకు అతికించిన స్వాధీన ప్రకటన ఫొటో దగ్గరుంటే గడువులోని, లెక్కలలోని లోపాలను విచారణలో చూపవచ్చు. తాకట్టు పెట్టినది సాగుభూమి అయితే మాత్రం సెక్షన్ 31 ప్రకారం ఈ చట్టం వర్తించదు.